కోశెంట్ గ్రూప్ నుంచి కోఈక్వలైజర్ దాకా: అనంతపురంలో ఒక వారాంతపు గణిత తరగతిపై సమీక్ష

అనంతపురంలో టవర్ క్లాక్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు తన ఇంటి మేడమీద శనివారం సాయంత్రం, ఆదివారం ఉదయం ఒక తరగతి నడుపుతున్నారు. ఎం.ఎస్సీ. విద్యార్థులు, అధ్యాపక, పరిశోధనా అర్హత కోసం సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాయబోయేవారు, నాలాంటి డిగ్రీ కళాశాల అధ్యాపకులు అక్కడ చేరుతుంటారు. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా చెప్పే అంశం ఒక్కటే, కోశెంట్, అంటే ఒకటిగా చూడదలచిన మూలకాలను కలిపేసి, ఒక్కో గుంపును ఒక్కో కొత్త మూలకంగా తీసుకోవడం. గ్రూపుల్లో కోశెంట్ గ్రూప్, రింగుల్లో కోశెంట్ రింగ్, టోపాలజీలో కోశెంట్ స్పేస్, కేటగిరీ సిద్ధాంతంలో కోఈక్వలైజర్ అంటూ వేర్వేరు పేపర్లలో, వేర్వేరు సెమిస్టర్లలో, ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు ఎదురయ్యే ఈ నిర్మాణాలను ఒకే వరుసలో నిలబెట్టి బోధించే తరగతి రాయలసీమలో మరొకటి ఉన్నట్టు నేను వినలేదు. ఆయన ఇంటి ముందు బోర్డు లేదు, ప్రకటనలు ఇవ్వరు. పేరు రాయవద్దని కోరారు కనుక ఇక్కడ రాయడం లేదు.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. బీజగణిత భాగం, టోపాలజీ భాగం ఎం.ఎస్సీ. గణితం చదివే ప్రతి ఒక్కరూ వినదగినవి. వాటి కోసం కల్యాణదుర్గం నుంచో తాడిపత్రి నుంచో తెల్లవారుజామున బస్సెక్కి రావడం శ్రమకు తగ్గ పనే. కేటగిరీ భాగం మాత్రం ఇప్పుడున్న రూపంలో సగంలో ఆగిపోయిన పాఠంలా ఉంది. ఈ రెండు మాటలకూ కారణాలు వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే కోశెంట్‌ను ఎలా బోధించాలన్న ప్రశ్న మన విశ్వవిద్యాలయాల్లో చదువుకునే పిల్లలకు నిజంగా బరువైన ప్రశ్న. గ్రూప్ (తత్సమం, విలోమాలు ఉండి, సాహచర్యం పాటించే గుణకారం గల సమితి) నిర్వచనం దగ్గర ఎవరూ తడబడరు. కోసెట్ల (సబ్‌గ్రూప్‌ను, అంటే ఉపసమూహాన్ని, ఒక మూలకంతో గుణించగా వచ్చే గుంపుల) సమితి మీద గుణకారం అనగానే చాలామంది అర్థం చేసుకోవడం మానేసి బట్టీ పట్టడం మొదలుపెడతారు, అక్కడి నుంచి ఆ విద్యార్థికి బీజగణితం దూరమవుతుంది.

మొదటి తరగతిలో గ్రూప్ అన్న మాటే రాదు. పాఠం భిన్నాలతో మొదలవుతుంది. 1/2, 2/4, 3/6 అన్నీ ఒకే సంఖ్య అని చిన్న తరగతుల్లోనే నేర్చుకున్నాం. అంటే లవహారాల జతల మీద ఒక తుల్యతా సంబంధం (ఏవి ఒకటిగా లెక్కకు వస్తాయో చెప్పే నియమం) పెట్టి, ఒకటిగా లెక్కకు వచ్చే జతల ఒక్కో గుంపును, అంటే తుల్యతా తరగతిని, ఒక్కో సంఖ్యగా భావిస్తున్నామన్నమాట. ఇక్కడ సార్ ఒక ప్రమేయం ఇచ్చారు: భిన్నానికి దాని లవాన్నీ హారాన్నీ కూడగా వచ్చే విలువను కేటాయించాలి. 1/2కు 3 వస్తుంది, 2/4కు 6 వస్తుంది. సంఖ్య ఒక్కటే, జవాబులు రెండు. కనుక అది భిన్నాల మీద ప్రమేయమే కాదు. అదే సంకలనాన్ని తీసుకుంటే, 1/2కు 1/3 కూడినా, 2/4కు 3/9 కూడినా ఒకచోట 5/6, మరొకచోట 30/36 వస్తాయి, అవి రెండూ ఒకటే. తుల్యతా తరగతిలోని ఏ మూలకాన్ని ప్రతినిధిగా తీసుకున్నా జవాబు మారకూడదన్న షరతు ఇలా ఎంతో పరిచయమైన చోట నుంచి బయటికి వచ్చింది. ఆ తర్వాత తరగతి నడిచినన్నాళ్ళూ ఎవరు బోర్డు దగ్గర ఏది నిర్వచించినా ఆయన అడిగేది ఒకటే: "ప్రతినిధిని మార్చి చూసినావా నాయనా?"

దీని వెంటనే ఆయన చెప్పిన రెండో మాట ఈ తరగతికి వెన్నెముక అని నేను భావిస్తున్నాను. ఒక సమితిని తుల్యతా సంబంధంతో కోశెంట్ చేసినప్పుడు, ఆ కోశెంట్ లోపల ఏముందో చూడడం కంటే దాని నుంచి బయటికి ఏ ప్రమేయాలు వెళతాయో చూడడం ముఖ్యం. కోశెంట్ నుంచి ఒక ప్రమేయం ఇవ్వడమంటే, అసలు సమితి నుంచి, ఒకే తుల్యతా తరగతిలోని మూలకాలన్నిటికీ ఒకే విలువ ఇచ్చే ప్రమేయాన్ని ఇవ్వడమే. ఈ వాక్యాన్ని ఆయన బోర్డు పైభాగాన రాసి, చుట్టూ గీత గీసి, బీజగణిత భాగం ముగిసేదాకా చెరపలేదు. సమితి స్థానంలో గ్రూప్, రింగ్, సదిశాంతరాళం, టోపాలజికల్ స్పేస్ వచ్చినప్పుడల్లా అదే వాక్యంలో ఒక్కో మాట మారుతూ వచ్చింది. యూనివర్సల్ ప్రాపర్టీ అన్న పేరు వినక ముందే విద్యార్థులు దాన్ని వాడడం నేర్చుకున్నారు.

గ్రూపుల దగ్గర జరిగిన ఒక తరగతిని కాస్త దగ్గరగా చూపిస్తాను. 1, 2, 3 అనే మూడు సంకేతాల ఆరు ప్రస్తారాల గ్రూపును, అంటే ఎస్ త్రీని తీసుకున్నారు. అందులో దేన్నీ కదపని తత్సమ ప్రస్తారం, 1, 2లను తారుమారు చేసే (1 2) అనే రెండు మూలకాల ఉపసమూహాన్ని తెల్ల సుద్దతో రాశారు. (1 3), 1ని 2కు 2ని 3కు 3ని 1కి పంపే (1 2 3) కలిసిన కోసెట్‌ను పసుపు సుద్దతో, (2 3), (1 3 2) కలిసిన కోసెట్‌ను గులాబీ సుద్దతో రాశారు. ఇప్పుడు పసుపు కోసెట్‌ను దానితోనే గుణించమని ముందు వరుసలోని ఒక అమ్మాయిని పిలిచారు. ఆమె (1 3)ను ప్రతినిధిగా తీసుకుంది. (1 3)ను (1 3)తో గుణిస్తే తత్సమం, అది తెల్ల కోసెట్‌లో ఉంది. తర్వాత వెనక నుంచి ఇంకొకరిని పిలిచి (1 2 3)తో చేయమన్నారు. (1 2 3)ను దానితోనే గుణిస్తే (1 3 2), అది గులాబీ కోసెట్‌లో పడింది. పసుపును పసుపుతో గుణిస్తే తెలుపా, గులాబీనా? ఈ ప్రశ్నను అలాగే వదిలి ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎం.ఎస్సీ. పూర్తిచేసి నెట్‌కు చదువుతున్న ఒక యువకుడు, "సార్, అయితే ఈ గుణకారం లేనట్టే కదా" అన్నాడు. "లేనట్టే," అని చెప్పి, ఉండాలంటే ఉపసమూహం ఎలా ఉండాలో మీరే కనుక్కోండి అన్నారు.

కనుక్కోవడం ఒక్క వరుసలో అయిపోయింది. ఉపసమూహంలోని ఏ మూలకమైనా ఆ ఉపసమూహానికి ప్రతినిధి కావచ్చు. కనుక దాన్ని ఏదో ఒక మూలకం జి ఎడమ పక్కన పెట్టి గుణించినా ఫలితం జి ఉన్న కోసెట్‌లోనే ఉండాలి. అంటే జి విలోమం, ఆ ఉపసమూహ మూలకం, జి, ఈ మూడింటి లబ్ధం తిరిగి ఉపసమూహంలోకే రావాలి. నార్మల్ సబ్‌గ్రూప్ నిర్వచనం అదే. మన పాఠ్యపుస్తకాల్లో నిర్వచనం ముందు వస్తుంది, అవసరం తర్వాత ఎప్పుడో తెలుస్తుంది, కొందరికి ఎప్పటికీ తెలియదు. ఈ తరగతిలో అవసరం ముందు వచ్చింది. చరిత్ర నడిచిన తీరు కూడా కొంతవరకు ఇదే. 1832లో ద్వంద్వయుద్ధానికి ముందు రాత్రి స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఫ్రెంచి గణితవేత్త గాల్వా ఇటువంటి ప్రత్యేకమైన ఉపసమూహాలను వేరుచేసి గుర్తించాడు; లియూవిల్ గాల్వా రచనలను 1846లో ప్రచురించాడు; జోర్డాన్ 1870లో వాటిని గ్రంథంగా విస్తరించాడు; కోశెంట్ గ్రూపును స్వతంత్రమైన వస్తువుగా హోల్డర్ నిలబెట్టింది 1889లో. గాల్వా ఉత్తరానికీ హోల్డర్‌కూ నడుమ 57 ఏళ్ళు గడిచాయని ఆయన చెప్పినప్పుడు, ఒక సెమిస్టర్‌లో ఇది వంటబట్టలేదని కుంగిపోతున్న పిల్లల ముఖాల్లో తేడా కనిపించింది.

సంకలనం, గుణకారం రెండూ ఉన్న రింగుల భాగం త్వరగానే సాగింది, అలా సాగడమే సబబు. గుణకారం కూడా ప్రతినిధి మీద ఆధారపడకూడదన్న షరతు నుంచి ఐడియల్ (రింగును కోశెంట్ చేయడానికి పనికొచ్చే ఉపసమితి) నిర్వచనం దానంతట అదే వచ్చింది. కోషీ 1847లో సంకీర్ణ సంఖ్యలను ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1తో భాగించగా మిగిలే శేషాలుగా చూపిన పద్ధతిని చెప్పి, 2 ప్లస్ 3 ఎక్స్‌ను 1 ప్లస్ ఎక్స్‌తో గుణించి శేషం తీసుకోమన్నారు. మైనస్ 1 ప్లస్ 5 ఎక్స్ వచ్చింది. ఐ అనే ఊహాజనిత సంఖ్యతో చేసినా అదే జవాబు. తర్వాత 0, 1 మాత్రమే గుణకాలుగా ఉన్న బహుపదులను ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎక్స్ ప్లస్ 1తో కోశెంట్ చేసి, సున్న కాని దేనితోనైనా భాగించగలిగే నాలుగు మూలకాల ఫీల్డ్ గుణకార పట్టికను అందరిచేతా రాయించారు. పట్టిక స్వయంగా రాసిన వారికి ఫీల్డ్ అంటే ఏమిటో మళ్ళీ చెప్పనక్కరలేదు.

ఈ భాగంలో నాకు బాగా నచ్చింది శేషాల లెక్క. ఆర్యభటుడు 499లో చెప్పిన, శేషాల నుంచి సంఖ్యను కనుక్కునే కుట్టక పద్ధతికి మొదటి భాస్కరుడు 629లో రాసిన భాష్యంలో ఒక ఉదాహరణ ఉంది: 8తో భాగిస్తే 5, 9తో భాగిస్తే 4, 7తో భాగిస్తే 1 శేషంగా మిగిలే సంఖ్య ఏది? జవాబు 85. సార్ ఈ లెక్కను ముందు కుట్టక రీతిలోనే చేయించి, ఆ తర్వాతే దానిని పూర్ణాంకాలను 504తో కోశెంట్ చేసిన రింగ్, 8, 9, 7లతో విడివిడిగా కోశెంట్ చేసిన మూడు రింగుల లబ్ధానికి ఐసోమార్ఫిక్ (నిర్మాణంలో సరిగ్గా ఒకటే) అన్న సిద్ధాంతంగా చెప్పారు. 8, 9, 7లలో ఏ రెండింటికీ 1 తప్ప సామాన్య భాజకం లేదు కనుక ఇది సాధ్యమైంది. 4ను 2, 2గా విడగొట్టి ఇదే పని చేయబోతే కుదరదని వెంటనే చూపించారు: జెడ్ బై 4లో, అంటే 4తో భాగించగా మిగిలే శేషాల్లో, 1ను నాలుగుసార్లు కూడితే తప్ప సున్న రాదు, రెండు జెడ్ బై 2ల లబ్ధంలో ఏ మూలకాన్నయినా రెండుసార్లు కూడితే సున్న వచ్చేస్తుంది.

అభ్యాస పత్రాలు ఈ తరగతికి గట్టి బలం. వాటిలో ఒక లెక్క: జెడ్ బై 12 నుంచి జెడ్ బై 18కి ఎన్ని గ్రూప్ హోమోమార్ఫిజాలు (గ్రూప్ పరిక్రియను కాపాడే ప్రమేయాలు) ఉన్నాయి? సూత్రం గుర్తుపెట్టుకున్నవారు గరిష్ఠ సామాన్య భాజకం 6 అని రాసి ముందుకు పోతారు. ఇక్కడ దాన్ని బోర్డు పైన ఉన్న వాక్యంతో చేయాలి. జెడ్ బై 12 నుంచి ఒక హోమోమార్ఫిజం ఇవ్వడమంటే 1 ఎక్కడికి వెళ్ళాలో చెప్పడం. దాన్ని 12 సార్లు కూడితే సున్న రావాలన్నది ఒక్కటే షరతు. జెడ్ బై 18లో అటువంటివి 0, 3, 6, 9, 12, 15. ఇలా చేసిన విద్యార్థి రేపు జెడ్ బై 18 స్థానంలో ఎస్ త్రీ వచ్చినా ఆగడు. నెట్ పరీక్షలో పార్ట్ సి ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 4.75 మార్కులు ఉంటాయి, సరైన ఐచ్ఛికాలు ఒకటికి మించి ఉండవచ్చు, అన్నిటినీ గుర్తిస్తేనే మార్కులు వస్తాయి. నాలుగు వాక్యాల్లో ప్రతిదాన్నీ విడిగా నిజమో కాదో తేల్చగలిగిన వారికే ఆ మార్కులు దక్కుతాయి కనుక ఈ రకమైన సాధన పరీక్షకు కూడా నేరుగా పనికొస్తుంది.

అసలైన కష్టం టోపాలజీలో మొదలవుతుంది, ఈ తరగతి అసలు విలువ కూడా అక్కడే తెలుస్తుంది. గ్రూపుల్లో మొదటి ఐసోమార్ఫిజం సిద్ధాంతం చదివినవారు, ఏ నిరంతర సంగ్రస్త (అవతలి ప్రతి బిందువునూ చేరే) ప్రమేయాన్ని తీసుకున్నా ఒకే విలువ పొందే బిందువులను కలిపేస్తే వచ్చే కోశెంట్ అవతలి స్పేస్‌కు హోమియోమార్ఫిక్ (టోపాలజీ దృష్టిలో ఒకటే) అవుతుందని అనుకుంటారు. అది నిజం కాదు. 0ను కలుపుకొని 1ని వదిలేసిన అంతరాన్ని తీసుకుని వృత్తం మీద ఒక చుట్టు చుడితే ఆ ప్రమేయం నిరంతరం, ద్విగుణం (రెండు వైపులా బిందువుకు బిందువు సరిపోయేది) కూడా. కలపవలసిన బిందువులే లేవు, కోశెంట్ అంటే ఆ అంతరమే. అయినా అంతరం వృత్తం కాదు, ఎందుకంటే వృత్తం మీద మొదలైన చోటికి వెనక నుంచి చేరుకునే బిందువులు అంతరంలో 1 వైపు పోతున్నాయి, 0 దగ్గరికి రావడం లేదు. 1ని కూడా కలుపుకున్న అంతరాన్ని తీసుకుని 0నూ 1నీ అతికిస్తే మాత్రం నిజంగానే వృత్తం వస్తుంది. కంపాక్ట్ (ఓపెన్ సెట్లతో ఎలా కప్పినా వాటిలో పరిమిత సంఖ్య చాలే) స్పేస్ నుంచి, ఏ రెండు బిందువులనైనా ఒకదానితో ఒకటి కలవని ఓపెన్ సెట్లతో విడదీయగల హౌస్‌డార్ఫ్ స్పేస్‌కు వెళ్ళే నిరంతర సంగ్రస్త ప్రమేయమైతే ఇబ్బంది లేదన్న సిద్ధాంతం ఇక్కడ వచ్చింది. బీజగణితంలో ఉచితంగా దొరికినది టోపాలజీలో ఒక షరతు పెట్టి సంపాదించుకోవలసి వస్తుందన్న స్పష్టత నాకు తెలిసిన ఏ తరగతిలోనూ ఇంత తేటగా రాలేదు.

ఆ తర్వాతి ఉదాహరణలు మరింత లోతైనవి. వాస్తవ సంఖ్యలను అకరణీయ సంఖ్యలతో కోశెంట్ చేస్తే గ్రూపుగా అది చక్కని వస్తువే. టోపాలజీగా చూస్తే అందులో శూన్యసమితి, మొత్తం స్పేస్ తప్ప మరో ఓపెన్ సెట్ లేదు. కారణం రెండు వాక్యాల్లో ముగిసింది: ఏ ఓపెన్ అంతరంలోనైనా ప్రతి తరగతికీ చెందిన బిందువు ఒకటైనా ఉంటుంది, కనుక తరగతులను పూర్తిగా ఇముడ్చుకున్న శూన్యేతర ఓపెన్ సెట్ మొత్తం వాస్తవ రేఖే అవుతుంది. హౌస్‌డార్ఫ్ స్పేస్‌కు కోశెంట్ హౌస్‌డార్ఫ్ కాకపోవచ్చునని ఇంతకంటే గట్టిగా చూపే ఉదాహరణ అక్కరలేదు. అలాగే ఆర్ బై జెడ్ అన్న ఒకే రాతకు రెండు అర్థాలు ఉన్నాయన్న సంగతి మీద ఆయన చాలాసేపు నిలిచారు. గ్రూప్ కోశెంట్‌గా తీసుకుంటే అది వృత్తం. పూర్ణాంకాలన్నిటినీ ఒకే బిందువుగా కుదించడం అన్న అర్థంలో తీసుకుంటే, ఒకే బిందువు దగ్గర కలిసే అనంత వృత్తాల గుత్తి వస్తుంది, ఆ బిందువు దగ్గర ఫస్ట్ కౌంటబుల్ ధర్మం (బిందువు చుట్టూ ఉన్న పరిసరాలకు వరుసగా లెక్కించగల ఓపెన్ సెట్ల జాబితా సరిపోవడం) కూడా నిలవదు. బీజగణితం పుస్తకంలో మొదటి అర్థం, టోపాలజీ పుస్తకంలో తరచుగా రెండో అర్థం వస్తాయి. విద్యార్థి రెండు పుస్తకాలనూ ఒకే రోజు చదివితే గందరగోళం తప్పదు. దీన్ని విడమరచి చెప్పినందుకు ఆయనకు కృతజ్ఞుణ్ణి.

మోబియస్ పట్టీ పాఠానికి ధర్మవరం నుంచి వచ్చే ఒక విద్యార్థిని వాళ్ళ మగ్గం మీద మిగిలిన సన్నని పట్టు ముక్క తెచ్చింది. ఒక అంచు ఎరుపు, ఒక అంచు ఆకుపచ్చ. మెలి పెట్టకుండా రెండు కొసలూ కలిపి పిన్నీసు పెడితే ఎరుపు ఎరుపుతో, ఆకుపచ్చ ఆకుపచ్చతో కలిసి రెండు వేర్వేరు అంచుల వలయం వచ్చింది. ఒక మెలి పెట్టి కలిపితే ఎరుపు అంచు కొస ఆకుపచ్చ అంచు కొసను తాకింది. ఎరుపు మీద వేలు పెట్టి నడిపిస్తూ పోతే అతుకు దాటగానే ఆకుపచ్చ మీదికి వచ్చి, దాన్ని కూడా పూర్తిచేసి బయలుదేరిన చోటికి చేరింది. అంచు ఒక్కటే. దీనికి వెంటనే బోర్డు మీద సమానార్థక వాక్యం రాయించారు: చతురస్రంలో ఎడమ భుజం మీద వై ఎత్తులో ఉన్న బిందువును కుడి భుజం మీద 1 మైనస్ వై ఎత్తులో ఉన్న బిందువుతో తుల్యం చేయాలి. 1858లో లిస్టింగ్, మోబియస్ విడివిడిగా దీన్ని కనుగొన్నారు. అవతలి రెండు భుజాలను కూడా అతికించే రీతిని బట్టి టోరస్, క్లైన్ 1882లో వర్ణించిన సీసా, ప్రొజెక్టివ్ ప్లేన్ వస్తాయని చెప్పి, క్లైన్ సీసాను మన మూడు పరిమాణాల్లో తనను తాను ఖండించుకోకుండా ఇమడ్చలేమని గుర్తుచేశారు. చేతిలో పట్టుకుని చూసిన దానికీ, తుల్యతా సంబంధంగా రాసిన దానికీ నడుమ దూరం ఆ గదిలో ఆ రోజు చెరిగిపోయింది.

టోపాలజీ భాగంలో ఒక లోటు ఉంది. రెండు కోశెంట్ ప్రమేయాల లబ్ధం కోశెంట్ ప్రమేయం కాకపోవచ్చు. అకరణీయ సంఖ్యల్లో పూర్ణాంకాలను ఒకే బిందువుగా కుదించే ప్రమేయాన్ని అకరణీయ సంఖ్యల తత్సమ ప్రమేయంతో లబ్ధం చేస్తే అది చెడిపోతుంది. ఫలితాన్ని చెప్పి నిరూపణ ఇంటిపనిగా వదిలేశారు. ఇది ఇంటిపనిగా వదిలేసే స్థాయి లెక్క కాదు. కరణీయ సంఖ్యల వైపు వంగే సెట్లను కట్టుకోవలసిన ఆ నిరూపణను కనీసం సగం దాకా తరగతిలో నడిపించి ఉండవలసింది. లోకల్లీ కంపాక్ట్ హౌస్‌డార్ఫ్ స్పేస్‌తో లబ్ధం చేసినప్పుడు ఈ చిక్కు రాదన్న వాక్యం ఎందుకు అంత విలువైనదో అప్పుడే అర్థమయ్యేది.

ఇక వస్తువులను వాటి మధ్య బాణాల ద్వారానే చూసే కేటగిరీ సిద్ధాంతం భాగం. ఐలెన్‌బర్గ్, మెక్‌లేన్ 1945లో వేసిన పునాదిని క్లుప్తంగా చెప్పి కోఈక్వలైజర్‌లోకి వచ్చారు. ఒకే చోట బయలుదేరి ఒకే చోటికి చేరే రెండు బాణాలు ఇచ్చినప్పుడు, ఆ రెండింటినీ సమానం చేసే బాణాల్లో, మిగతావన్నీ దేని గుండా ఏకైకంగా వెళ్ళవలసి వస్తుందో అదే కోఈక్వలైజర్. సమితుల్లో అది ఇచ్చిన జతలన్నిటినీ కలిపే అతి చిన్న తుల్యతా సంబంధంతో వచ్చే కోశెంట్. గ్రూపుల్లో తగిన మూలకాలను ఇముడ్చుకున్న అతి చిన్న నార్మల్ సబ్‌గ్రూప్‌తో వచ్చే కోశెంట్. టోపాలజీలో సమితి కోశెంట్ మీద కోశెంట్ టోపాలజీ. మొదటి రోజు బోర్డు మీది వాక్యం ఇక్కడ మూలకాల ఊసే లేకుండా తిరిగి రావడం చూసి నాకు నిజమైన ఆనందం కలిగింది. పూర్ణాంకాల నుంచి అకరణీయ సంఖ్యలకు వెళ్ళే రింగ్ హోమోమార్ఫిజం ఎపిమార్ఫిజమే (దాని తర్వాత కలిపినప్పుడు ఒకే ఫలితం ఇచ్చే రెండు బాణాలు ఒకటే కావలసి వచ్చే బాణం) అయినా సంగ్రస్తం కాదన్న ఉదాహరణ కూడా బాగా చెప్పారు. రెండు రింగ్ హోమోమార్ఫిజాలు పూర్ణాంకాల మీద ఏకీభవిస్తే, సున్న కాని ఏ పూర్ణాంకానికైనా విలోమం ఏకైకం కనుక, భిన్నాల మీద కూడా ఏకీభవిస్తాయి. ఎపిమార్ఫిజం అయిన ప్రతిదీ కోశెంట్ అనుకోరాదని దీనితో తేలిపోయింది.

ఇంతవరకూ బాగుంది. తర్వాత మిగిలిన కొద్ది సమయంలో కర్నెల్ పెయిర్, రెగ్యులర్ ఎపిమార్ఫిజం, 1957లో గ్రోతెన్‌డీక్ రాసిన ప్రసిద్ధ వ్యాసంలోని అబీలియన్ కేటగిరీలు, 1958లో కాన్ ప్రవేశపెట్టిన అడ్‌జాయింట్ ఫంక్టర్లు అన్నీ ఒకదాని వెంట ఒకటి పరుగెత్తాయి. కొత్తవారు నిర్వచనాలు రాసుకోవడంతోనే సరిపెట్టుకున్నారు. నా దృష్టిలో వీటిలో సగం వదిలేసి, గ్రూపును దాని కమ్యూటేటర్ సబ్‌గ్రూప్‌తో కోశెంట్ చేస్తే వచ్చే అబీలియన్ (గుణించే క్రమం మారినా ఫలితం మారని) గ్రూప్ ఉదాహరణ దగ్గర నిలిచి ఉంటే చాలు. ఏ అబీలియన్ గ్రూప్‌కు వెళ్ళే హోమోమార్ఫిజమైనా ఆ కోశెంట్ గుండానే వెళుతుందన్న సంగతి నుంచి అడ్‌జాయింట్ ఆలోచన సహజంగా మొలకెత్తుతుంది. ఎస్ త్రీకి అది చేసి చూస్తే రెండు మూలకాల గ్రూప్ మిగులుతుంది, అది ప్రస్తారపు సరి బేసి గుర్తే. మొదటి వారాల్లో రంగు సుద్దలతో చూసిన గ్రూప్ కనుక అందరికీ అందేది.

సౌకర్యాల సంగతి. రుసుము 3,000 రూపాయలు, మొత్తం ఒకేసారి కట్టాలి. తాపీగా కట్టుకునే వీలు కల్పిస్తే పల్లెల నుంచి వచ్చే పిల్లలకు మేలు. గది పాతికమందికి సరిపోతుంది, బల్లలు సౌకర్యంగానే ఉన్నాయి. ఎండాకాలంలో మేడమీద మధ్యాహ్నం దాకా కూర్చోవడం కష్టం, ఆ నెలల్లో ఆదివారం తరగతిని ఆరున్నరకే మొదలుపెట్టడం మంచి ఏర్పాటు. వివరణ అంతా తెలుగులో, పదాలు పరీక్షలో కనిపించే రూపంలో ఇంగ్లీషులో సాగుతాయి. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివినవారు ఇక్కడ మొహమాటం లేకుండా ప్రశ్నలు అడగడం చూశాను. చేతిరాత నోట్సు జిరాక్స్ కాపీల్లో కొన్ని పేజీలు మసకగా ఉన్నాయి, ముఖ్యంగా టోపాలజీ బొమ్మలున్న పేజీలు. అభ్యాస పత్రాలకు జవాబులు ఇవ్వరు. తర్వాతి శనివారం బోర్డు దగ్గరికి పిలిచి చేయిస్తారు కనుక హాజరయ్యేవారికి ఇబ్బంది లేదు, ఒక వారం తప్పినవారికి మాత్రం ఆ లెక్కలు అందకుండా పోతాయి. రికార్డింగుకు అనుమతి లేదు.

మరో ఊళ్ళో ఒక కోచింగ్ కేంద్రంలో ఇదే అంశాన్ని గతంలో విన్నాను. అక్కడ ప్రతి లెక్కకూ ఒక అడ్డదారి, ప్రతి అధ్యాయానికీ గుర్తుపెట్టుకోవలసిన ఫలితాల పట్టిక ఇచ్చారు. గడువు దగ్గరపడినవారికి దానివల్ల కొంత ఉపయోగం ఉంటుందని కాదనను. కానీ కొత్త రూపంలో ఒక వాక్యం ఎదురైనప్పుడు పట్టికలో వెతుక్కోవడం తప్ప ఇంకేమీ చేయలేని స్థితి దానితో వస్తుంది. పరీక్ష నెల రోజుల్లో ఉన్నవారు ఈ మేడమీది తరగతిలో చేరవద్దు, ఇది నిదానంగా సాగుతుంది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరంలో ఉన్నవారు చేరితే రెండేళ్ళూ ఆ ఫలితం అనుభవిస్తారు. చేరే ముందు తుల్యతా సంబంధాలు, గ్రూప్ నిర్వచనం, ఓపెన్ సెట్ల ప్రాథమిక విషయాలు ఒకసారి చూసుకుని వెళ్ళాలి. వాటిని ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్పరు. తర్వాతి జట్టు నుంచి కేటగిరీ భాగానికి అదనంగా కొన్ని ఆదివారాలు కేటాయిస్తామని చివరి రోజు మాట ఇచ్చారు. అది జరిగిన తర్వాత ఆ భాగాన్ని మళ్ళీ విని, ఈ సమీక్షలో దాని గురించి రాసిన పేరాలను సవరిస్తాను.